మూడో గడి

సెంట్రిఫ్యూజు ఆగేదాక
నోటుబుక్కుల గీతలు కొడుత:
ఎలుక, కుందేలు, మనిషి.
హన్మకొండల సెప్టెంబరు ఉక్క,
కరెంటు పోతదేమోనని ఒక చెవి అటే.

ఎలుక నెత్తురు తోక నుంచి తీస్తం,
కుందేలుది చెవి నరంల నుంచి.
మనిషిది అడిగి తీసుకోవాలె,
సంతకం పెట్టించి, చాయ్ తాగించి.

సీరంల కోలినెస్టరేజు
ఎలుకకు పుట్టుకతోనే తక్కువ.
జబ్బు కాదు, దాని లెక్క దానిది.
మనకు ఎక్కువ.

మనిషి గడికి పదిమంది కావాలె.
తొమ్మిదిమందిమి మేమే, ల్యాబోళ్లం.
పదో మనిషి బోన్లు కడిగే ఓదెలు.
"నాదేమున్నది మేడం, తీస్కోరి" అని
చొక్క చెయ్యి పైకి మడిచిండు.

ఆయన అంకె పోయి
ఎలుకల వరుసల కూసున్నది.

మల్ల చేసిన. మందు సీసా మార్చి
మూడోసారి చేసిన.

"ఓదెలన్నా, ఆదివారం యాడికి పోయినవ్?"
"యాడికి పోత, పరకాల. మా తమ్ముని పత్తికి
మందు కొట్టొచ్చిన.
మూతికి తువ్వాల కట్టుకున్న గద!"

సార్ చూసి, తీసెయ్, సగటు చెడుతదన్నడు.
తొమ్మిదిమంది అని దిద్దిన.
ఓదెలు అంకెను పెన్సిలుతోని
అంచుకు రాసిన, పక్కన: ఆదివారం.
వారం రోజులు చేన్ల అడుగు పెట్టకు,
రేపు పెద్దాసుపత్రికి పోదాం అన్న.
తలకాయ ఊపిండు.

ఊపి, నల్లా కాడ
సబ్బుతోని చేతులు రెండుసార్లు కడిగి
ఎలుకలకు నీళ్లు పెట్టబోయిండు,
తన చేతిది వాటికి అంటుతదేమోనని.