ఆరు నాలుగు సున్నా

గుజ్జు ఫ్యాక్టరీలో సర్వర్ రూమంటే
బాయిలర్ గోడకు ఆనుకున్న పాత సామాన్ల కొట్టు.
ఏసీ ఒకటి దగ్గుతా ఉంటుంది.
తలుపు తీస్తే చాలు, తోతాపురి వాసన
నాకంటే ముందు లోపలికొచ్చి కూర్చుంటుంది.

చేరిన మొదటి వారం చూసినాను:
మెయిల్ లాగ్ ఫైలుకు మూడు ఆర్లు.
ఎవరైనా చదవొచ్చు, ఎవరైనా రాయొచ్చు.
నాకు ముందున్న దొరస్వామి సార్‌కు ఫోన్ చేస్తే
"ఒకరోజు మెయిల్ ఆగిపోయిందమ్మా,
సీజను, లారీలు రోడ్డు మీద,
ఏది అడ్డమో తెలీలా. అన్ని తలుపులూ తీసి పెట్టినా.
మళ్ళా మూసేది మరిచిపోయినా."

నాలుగంటే చదవడం, రెండంటే రాయడం,
కలిపితే ఆరు.
మా అమ్మ చీటీల పుస్తకం లెక్కా ఇంతే:
రాసేది తనొక్కతే,
చూసేది చీటీ కట్టే పన్నెండు మంది,
వీధిలో వాళ్ళకు ఆ పుస్తకం ఉందనే తెలీదు.

ఆ రాత్రే అంకెలు మార్చినాను.
తెల్లారి చూస్తే మళ్ళీ మూడు ఆర్లు!
అర్ధరాత్రి పాత ఫైలు పక్కకు జరిగి
కొత్తది పుడుతుందని మరిచినాను.
పుట్టేటప్పుడే దాని నొసట రాయాలంట.
సెట్టింగులో ఆ ఒక్క వరుస చేర్చి,
పైన ఇంకో కట్టు వేసినాను:
చేర్చొచ్చు, చెరపకూడదు.

లాగ్‌లో ఉత్తరాలుండవు.
ఎవరు, ఎవరికి, ఎన్ని గంటలకు,
చేరిందా, వెనక్కొచ్చిందా.
కవరు పారేసి ముద్రలు మాత్రం దాచుకునే
వింత పోస్టాఫీసు.

జూలై రెండో వారం.
గుడిపాల రోడ్డులో ట్రాక్టర్లు మలుపు దాకా.
మూడు రోజుల కాయ గోతాల్లోంచి కారతా ఉంది.
కాటా దగ్గర చెంగల్రాయులు చీటీ పట్టుకుని
"దించేటప్పుడు ఒక రేటు, దించినాక ఒక రేటా" అని
అరవడం లేదు, అడుగుతా ఉన్నాడు,
వచ్చేపోయే ప్రతి ఒక్కరినీ,
అన్నం డబ్బా చేత్తో పట్టుకున్న నన్ను కూడా.

సాయంత్రం మేనేజరు మునిరత్నం సార్ ఏసీ కింద నిలబడి
కర్చీఫ్ మడిచి, విప్పి, మళ్ళీ మడిచి
"రేటు తగ్గించిన మెయిల్ కాటాకు
పొద్దున్నే పోయిందని చెప్పేసినాం.
నీ ఫైల్లో మధ్యాన్నం మూడూ నలభై అనుంది.
ఒక్క వరుస కదమ్మా."

తెర ఆయన వైపు తిప్పినాను.
ఆయన పేరుతోనే లోపలికి పొమ్మన్నాను.
అనుమతి లేదు, అంది మిషను.
"మరి నీకు?"

రూట్‌కు అంకెలు అడ్డం రావు.
ఆరూ నాలుగూ సున్నా
అందరికీ గోడ, నాకు ముగ్గు.
ఆ కట్టు విప్పడానికి నాకు పట్టేది
ఒక లైను, ఒక ఎంటరు.
నా వేళ్ళను నేనే చూసుకున్నాను,
వీటికి ఎవరిచ్చినారు అనుమతి అని.

"నాక్కూడా కుదరదు సార్" అన్నాను.
ఈ ఉద్యోగంలో నేనాడిన పెద్ద అబద్ధం అదే.

ఆయన పోయినాక
అబద్ధాన్ని నిజం చేసే పనికి కూర్చున్నాను.
ప్రతి వరుసా పుట్టిన వెంటనే
తిరుపతి ఆఫీసు మిషనుకు నకలు పోయేటట్టు.
దాని పాస్‌వర్డు ఆడిట్ చూసే రజియా పెట్టింది.
ఫోను స్పీకర్లో ఆమె కీబోర్డు చప్పుడు:
పద్నాలుగు అక్షరాలు.
నాకు తెలిసింది ఆ లెక్కొకటే.

చెంగల్రాయులు చేతికి ఏ రేటు వచ్చిందో తెలీదు.
అది కాగితాల మీద జరిగింది.
కాగితాలకు ఈ మూడంకెలు ఎవరూ వేయలేదు.

బాయిలరు ఆవిరి వదిలింది.
లాగ్ అడుగున ఇంకో వరుస పడింది:
డబ్బాల సప్లయరుకు, ఏడూ యాభై రెండు,
చేరింది.