నాలుగో గడి

పెరంబూరులో మా బడి సిక్ రూముకి
ఒకటే కిటికీ, అదీ రైలుపట్టాల వైపు.
ఒకటే మంచం. దిండు గలీబు మీది నీలం పూలకి
ఎవరో బాల్‌పెన్నుతో తీగలు సాగదీశారు.
అంచు దాకా వచ్చి ఆగిపోయాయి,
అప్పుడే గంట కొట్టుంటారు.

రిజిస్టర్లో నాలుగో గడి పేరు కంప్లెయింట్.
పన్నెండేళ్ళలో ఒక్కరూ నాకు ఫిర్యాదు చెయ్యలేదు.
కడుపు పట్టుకుంటారు, అంతే.

ఏప్రిల్ మొదటి వారం పేజీ తిప్పితే
కడుపునొప్పి, కడుపునొప్పి, తలనొప్పి,
పై మాదిరే, పై మాదిరే.
లెక్కల పరీక్షనాడు పదకొండు మంది.
అందులో నిజంగా వాంతి చేసుకున్నది ఒక్కడు.
వాడేమో మూతి తుడుచుకుంటూ
"బాగానే ఉన్నా సిస్టర్, పోనివ్వండి" అంటాడు.

థర్మామీటర్ అబద్ధం చెప్పదు.
నేను చెప్తాను.
తొంభై ఎనిమిది పాయింట్ నాలుగుని
తొంభై తొమ్మిదిన్నర చేస్తాను.
ఆ కాస్త తేడాలో
ఒక పిల్ల ఇరవై నిమిషాలు నిద్రపోతుంది.

ఎనిమిది బి, యోగలక్ష్మి.
నిద్రలో పళ్ళు నూరుతుంది.
వాళ్ళక్క మార్కుల కార్డు మూడేళ్ళుగా
ఫ్రిజ్ తలుపు మీద అంటించి ఉందట.
"దాహమేస్తే కూడా అదే చూడాల సిస్టర్" అంది ఒకసారి,
గోడ వైపు తిరిగి పడుకుని.

మంగళవారం మంగళవారం కౌన్సెలర్ గారొస్తారు.
మంచావిడ, మెత్తటి గొంతు.
పిల్లలు శుక్రవారాలు ఏడుస్తారు.

ఆరో క్లాసు మునిశేఖర్‌కి గురువారం.
క్లాసులో ఇంగ్లీషు, గ్రౌండులో తమిళం,
నా దగ్గర మాత్రం ఇంటి తెలుగు:
"కడుపులో ఏమో చేస్తావుంది సిస్టర్."
నొప్పా అంటే కాదు. మంటా అంటే కాదు.
ఏమో చేస్తావుంది.
ఆ ఏమోకి మందు నా అలమారాలో లేదు.
గ్లూకోజు కలిపిస్తాను.
చెంచా గ్లాసులో తిరుగుతున్నంతసేపూ
వాడు చెంచానే చూస్తాడు.
తాగేసరికి సగం తగ్గిపోయి ఉంటుంది.

ఇవాళ ఆఖరి రోజు.
తెల్ల చొక్కాల మీద స్కెచ్ పెన్నుల సంతకాలు,
మెట్ల మీద సిరా, వరండాలో ఎవరిదో ఒంటి చెప్పు.
పదో క్లాసు ఆడపిల్లలు ఒకరి భుజాన ఒకరు
వెక్కి వెక్కి, మధ్యలో నవ్వి, మళ్ళీ వెక్కి.
హెచ్చెమ్ జ్ఞానసుందరి గారు లెక్క అడిగారు:
ఈ టర్ములో ఎన్ని కడుపునొప్పులు,
ఎన్ని తలనొప్పులు, బొమ్మ గీసి ఇవ్వాలట, కడ్డీలతో.
డేటు దాటిన మాత్రలు వేరు చేస్తూ,
దూది ఉండలు చుడుతూ కూర్చున్నాను.
నూట డెబ్భై మూడు.
ఏ కడ్డీలో పెట్టాలి ఆ ఏమోని?

తలుపు దగ్గర మునిశేఖర్.
"ఏంరా, కడుపా?"
"లేదు."
"మరి?"
మంచం అంచున కూర్చున్నాడు. బూట్లు నేలకందవు.
"రేపట్నుంచి లీవు గదా సిస్టర్,
ఏమో చేస్తే ఎక్కడికి రావాల?"

నా దగ్గర జవాబు లేదు.
అమ్మకి చెప్పరా అనబోయాను.
వాళ్ళమ్మ రాత్రి డ్యూటీ, అది నాకు తెలుసు,
నాకు తెలుసని వాడికీ తెలుసు.
గ్లూకోజు డబ్బాలో మిగిలింది
కాగితంలో పొట్లం కట్టి జేబులో పెట్టాను.
మా ఇంటి నంబరు ఆ కాగితం మీదే రాశాను.
రూల్సులో ఉందో లేదో.

వాడి పేరు రాసి, టైము రాసి,
నాలుగో గడి ఖాళీగా వదిలేశాను.
చికిత్స అన్న చోట రాశాను: కూర్చున్నాం.

అప్పుడే గూడ్సు పోయింది.
నలభై రెండు పెట్టెలన్నాడు వాడు.
నాకు నలభై ఒకటే వచ్చాయి.
ఆ ఒక్క పెట్టె కోసం,
వాచ్‌మన్ సెల్వరాజ్ తాళాలు ఆడించుకుంటూ వచ్చేదాకా
ఇద్దరం పోట్లాడుకుంటూనే ఉన్నాం.