ఎడమకాలు

అచ్చంపేట, లింగాల రోడ్డు,
జహంగీర్ భాయ్ లేత్ షాపు.
గేర్‌బాక్స్ దించిన నా ఇండికా
బయట జాకీల మీద నోరు తెరుసుకొని ఉంది.

కొత్త ప్లేటు, కొత్త బేరింగు తెచ్చిన.
"ఫ్లైవీలు అట్లనే పెడదాం భాయ్, మంచిగనే ఉంది గద" అన్న.
ఆయన మాట్లాడలే.
దాన్ని ఎలుగుకు తిప్పి
నా వేలు పట్టుకొని దాని మొఖం మీద పెట్టిండు.

నెమలికంఠం రంగు మచ్చలు.
ఎంట్రికంత పగుళ్లు, నడుమ గాజు లెక్క నునుపు.
"ఇదంత నీ ఎడమకాలు రాసిందే."

నిజమే.
మన్ననూరు దాటినంక ఘాటు మలుపుల్ల
పూర్తిగ తొక్కలే, పూర్తిగ ఇడవలే.
ముందు లారీ ఆగినా,
కిస్తీ కోసం ఫోను మోగినా
కాలు పోయి ఆడనే కూసునేది.

లేత్ తిరిగింది.
డయల్ ముల్లు వణికి వణికి నిలబడ్డది.
టూలు తాకంగనే ఒకదిక్కు అరిచింది, ఒకదిక్కు ఊకుంది;
ఎత్తున్న కాడనే ముందు తెగుతదట.
బూడిద లెక్క పొడి
నా చాయ్ గ్లాసుల గూడ రాలింది.

పది పాయింట్లు పోయినయి.
మచ్చలు పోయినయి, ఒక్కటి తప్ప.
"అది లోపటిదాంక గట్టిపడ్డది.
ఇంకో రెండు పాయింట్లు తీస్తే పోతది,
మల్లసారి తీసెతందుకు ఏం మిగలదు. నీ ఇష్టం."

చాయ్ పారబోసిన.
"తియ్యి" అన్న.

నాలుగొందలు.
చాక్‌పీసు గుర్తు సూసి బోల్టులు బిగించినం.
పొద్దుగూకాల హాజీపూర్ చౌరస్తా కాడ
మొదటి గేరేసి కాలు లేపిన, మొత్తం.
బండి జడ్డర్ లేకుంట కదిలింది.
ఎడమకాలే,
ఏడ పెట్టాల్నో తెల్వక
చానసేపు గాలిల ఉంది.