వాలు తగ్గిన చోట

తెల్లవారుజాము మూడింటికి డౌవె రొట్టె కోస్తున్నాడు.
వాడికిది మిట్టమధ్యాహ్నం.
హార్లింగెన్ రేవులో ఈ వేళప్పుడు
మెలకువగా ఉన్నది మేమిద్దరమే,
అందులో ఒకరికి ఆవులింతలు.

మా తమ్ముడికి పన్నెండో ఏట కళ్ళు రెండూ తీసేశారు.
అప్పట్నుంచి పొద్దు వాడి ఇంటికి రావడం మానుకుంది.
గోడ గడియారం గంటలు కొడితే వింటాడు,
రేడియోలో వార్తలు వింటాడు.
లోపలి గడియారమే ఎవరి మాటా వినదు.
దాని లెక్కలో రోజంటే
ఇరవైనాలుగు గంటల ముప్పై నిమిషాలు.

ఇవాళ పదకొండుకి నిద్ర, రేపు పదకొండున్నరకి,
ఎల్లుండి అర్ధరాత్రికి.
"సముద్రం నాకంటే బద్ధకస్తురాలు," అంటాడు
పాత తెరచాప పడవలకి తాళ్ళు పేనుతూ.
"పోటు రోజుకి యాభై నిమిషాలు ఆలస్యం.
దానికెవరూ జబ్బని పేరు పెట్టలేదు."

నా కొలువు గ్రోనింగెన్‌లో, సమీకరణాలతో.
ఒంట్లో పగలూ రాత్రీ తిరిగే దారిని
వలయంగా గీస్తాను. దాని మీద ఒక చుక్క.
లోపలికి తోసినా, బయటికి లాగినా
చివరికి ఆ గీత మీదికే చేరుతుంది,
ఎవరూ తోలకుండానే ఆవులు పాకకి మళ్ళినట్టు.
వెలుగు రోజూ పొద్దున్నే
దాన్ని కాస్త ముందుకు నెడుతుంది.
మనందరినీ నెడుతుంది.
డౌవె సమీకరణంలో వెలుగు ఉండాల్సిన చోట
సున్నా రాశాను.
తోడబుట్టినవాడి పక్కన సున్నా రాస్తే
చేతికి ఎలా ఉంటుందో
ఏ పాఠమూ నాకు చెప్పలేదు.

నెల రోజులు కొలిచాను. మణికట్టుకి పట్టీ,
ఫ్రిజ్‌లో హెర్రింగ్ చేపల పక్కన
ఉమ్మి పట్టిన చిన్న సీసాలు.
"మూతలు గట్టిగా బిగించక్కా, నేను తడుముకునేవాణ్ణి."
రోజుకొక అడ్డగీత, మెలకువైతే నలుపు.
కాగితం మీద మెట్లు కుడివైపుకి దిగుతూ పోయాయి.

ఆ తర్వాతది చిన్నపిల్లల భాగహారం:
నలభై ఎనిమిది రోజులకోసారి
డౌవె ఊరితో కలుస్తాడు.
అప్పుడు నేను సెలవు పెట్టి రైలెక్కుతాను.
ఏడింటికి వాడూ లేస్తాడు, నేనూ లేస్తాను.
కాఫీ, సోంపు బిస్కెట్లు,
తాతయ్య పడవ అమ్మిందెవరన్న పాత తగాదా.
మళ్ళీ వాడు మెల్లగా రాత్రిలోకి జారతాడు,
నేను స్టేషన్ దారి పడతాను.

కిందటిసారి నలభై ఎనిమిదన్నాను. యాభై ఒకటి పట్టింది.

పట్టీ బ్యాటరీని అనుమానించాను,
నా కూడికల్ని,
వాడు నాకు చెప్పకుండా తాగిన కాఫీల్ని.
చివరికి పక్కన పడేసిన వరసలు బయటికి తీశాను:
నేను వాడింట్లో ఉన్న ఎనిమిది రోజులవి.
కొలిచే మనిషి గదిలో ఉంటే కొలత చెడుతుందని
నా చేత్తో నేనే కొట్టేసినవి.

అక్కడ వాలు తగ్గింది.
రోజుకి ముప్పై నిమిషాలు జారాల్సినవాడు
పద్దెనిమిదే జారాడు, ఎనిమిది రోజులూ.
వెళ్ళొస్తానని లేచి,
గుమ్మంలో చెప్పులు దొరకనట్టు
తచ్చాడాడు.

సమీకరణం చివర కూడిక గుర్తు పెట్టి
ఒక కొత్త పదం చేర్చాను.
చాలా చిన్నది. వాణ్ణి ఆపలేదు.
ఆపాలంటే దానికి రెండున్నర రెట్లు కావాలి,
అదీ లెక్క కట్టాను.
సున్నా మాత్రం కాదు.

ఇప్పుడు మూడున్నర. డౌవె వేలితో అంచు చూసుకుంటూ
రొట్టె చివరిదాకా వెన్న రాస్తున్నాడు.
"మాత్రలున్నాయి," అన్నాను. "వేళకి వేసుకుంటే
నిలబడొచ్చు."
"తెలుసు."
కాసేపాగి, "ఆ కొత్తదానికి ఏం పేరు పెట్టావు?"
"ఎప్సిలాన్."
"బేకరీలో ఏదో మిగిలిపోయిన రొట్టె పేరులా ఉంది."

బయట ఆటు. బురద వాసన కిటికీ దాకా వచ్చింది.
మేం కలిసే రోజుకి ఇంకా పద్దెనిమిది రోజులుంది,
ఈ రాత్రికి లెక్కలో ఏ విలువా లేదు.
మొదటి ముక్క నా పళ్ళెంలో పెట్టాడు.
అందుకున్న నా చేతికి కూడా
నల్లపట్టీ ఉంది ఈసారి.
తీయడం మరిచిపోయానని
ల్యాబ్‌లో చెప్పుకుంటాను.