తుమ్ముల పద్దు

యార్డు మీదుగా వచ్చిన నోట్లు లెక్కపెడితే
నాకు తుమ్ములొస్తాయి.
పదేళ్లుగా అంతే. నిధి పెట్టె మూత తీయగానే
పైటకొంగు చాలదు, తడిగుడ్డ కావాలి.

టిక్కీకి రూపాయి, కమీషన్ కొట్లవాళ్లది.
వారానికి పది, తొడిమలు తీసే ఆడవాళ్లది.
ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలవాళ్లు ఎప్పుడన్నా,
ఆదాయపన్ను గుర్తొచ్చినప్పుడు.
పెట్టెలో పడ్డాక ఏది ఎవరిదో చెప్పలేను.
తేజా బాడిగా కలిసిపోయిన కుప్పలాగా
అంతా ఒకటే ఘాటు.

నెలకో ఆదివారం, మూడు వంతెనలకి ఇవతల
జిరాక్సు షాపు మేడమీద, పదకొండు కుర్చీలు.
దరఖాస్తులు చదివేది ఏసుపాదం మాస్టారు.
సంగడిగుంట రాత్రిబడికి ట్యూబులైట్లు. సరే.
దగ్గు పట్టినవాళ్లకి ఆవిరి మిషను. సరే, రెండు.
నల్లపాడు కుర్రాడికి కబడ్డీ బూట్లు.
కబడ్డీకి బూట్లెందుకని అరగంట వాదన.
ఇచ్చాం. ఎందుకో నాకిప్పటికీ తెలీదు.

ఫ్రీజర్ పెట్టె కొన్నప్పుడు మాత్రం ఎవరూ నోరెత్తలేదు.
చావు ఏ నెలలో వచ్చినా మా ఊళ్లో ఎండాకాలమే.
లాలాపేటలో ఒక రాత్రి, మర్నాడు చర్చి సందులో,
ఆ పైన బ్రాడీపేట నాలుగో లైను.
తుడిచి, వైరు చుట్టి, ఆటో ఎక్కిస్తాడు జాన్ సైదా.

రెండు లక్షలిచ్చిన ఎగుమతుల ఆసామి
వాళ్లమ్మ పేరు పాలరాతి మీద చెక్కించమన్నాడు.
'మాకున్నదల్లా ఆ పెట్టేనండీ,
దానిమీద రాయించమంటారా?'
వెనక కుర్చీలోంచి మస్తాన్‌బీ.
ఆయన నవ్వాడో లేదో చూడలేదు,
నేను మినిట్సులో తలదూర్చాను.
పేరు సంగతి మళ్లీ ఎత్తలేదు.
డబ్బూ వెనక్కి అడగలేదు.

ఆ మస్తాన్‌బీయే,
పదేళ్లు ఒక్క వారం తప్పకుండా
జమ పేజీలో కూర్చున్న మనిషి,
మొన్న ఫిబ్రవరిలో, సీజను నడిమధ్యన,
కంటి ఆపరేషనుకి దరఖాస్తు పెట్టింది.
పెట్టిందంటే, మెట్ల మీద నన్నాపి చెప్పింది.
'ఖర్చు పేజీలో నా పేరు రాయమాకమ్మా.'

ఆరువేల నాలుగొందలు.
సంతకం చోట ఆమె బొటనవేలు పట్టి అద్దాను.
గీత ఒక్కటీ పడలేదు.
తొడిమలతోపాటే ఒలుచుకుపోయిన వేలు.
కాగితం మీద నున్నటి నీలిమచ్చ.
'ఆధార్ మిషనుకీ నేను లేనంట' అని నవ్వింది.

ఆడిటరు పెన్సిలుతో పక్కన రాశాడు: గ్రహీత ఎవరు?
ఏం చెప్పను?
పది రూపాయలు, ఏడాదికి యాభై రెండు వారాలు, పదేళ్లు.
అందులో ఐదువేల రెండొందలు ఆమెవే.
మిగతా పన్నెండొందలు కొట్లవాళ్లవా,
ఆ పాలరాతి తల్లివా,
పక్కన కూర్చుని తొడిమలు తీసిన కరీమున్‌వా
అంటే, కుప్పలోంచి తాలు ఏరినట్టు ఏరాలి.
ఏరినా, ఏ కాయ మీదా చేను పేరుండదు.

కారణం గడిలో 'చూపు' అని రాశాను.
పేరు గడి ఖాళీ. ప్రశ్నార్థకం ఇంకా అక్కడే ఉంది,
చెరపలేదు.

తర్వాతి ఆదివారం వచ్చింది, నల్ల కళ్లద్దాలు.
నాలుగు మడతల పది కాగితం చేతిలో పెట్టి
'ఈ వారం పన్లోకి పోలా. అయినా రాసుకో' అంది.
మడత విప్పుతుంటే తుమ్మొచ్చింది.
'నూరేళ్లు' అంది,
అద్దాలు నుదుటి మీదికి జరిపి
ఇంకా సరిగ్గా తెరుచుకోని కంటితో
నేను ఏ పేజీలో రాస్తున్నానో కనిపెడుతూ.