అరవై ఓములు

రేణిగుంట రోడ్డులో మా షెడ్డుకి
ఆ బస్సు ఐదో మెకానిక్కు దగ్గరికన్నట్టు వచ్చింది.
పుత్తూరు దొరసామిది, ఇరవై ఆరు సీట్ల మినీబస్సు.
మీటరు బోర్డులో దీపాలన్నీ ఒకేసారి వెలిగి
గంగజాతర రాత్రి మాదిరి ఉండాది.
"మీటరు మార్చినా, ఇంజను కంప్యూటరు మార్చినా,
చక్రాల కింద నిమ్మకాయలు కూడా తొక్కించినా పాపా"
అని బిల్లులన్నీ బానెట్టు మీద పరిచినాడు,
పేకముక్కల్లాగా.

బ్యాటరీ వైరు పీకి మల్టీమీటరు పెట్టినా.
అరవై చూపించాల.
నూట ఇరవై చూపించింది.

"ఎక్కువే కదా, మంచిదే కదా?"
కాదు సారూ.
తీగకి ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు కూర్చోవాల.
ఒక్కొక్కరిది నూట ఇరవై. ఇద్దరూ ఉంటేనే అరవై.
ఇప్పుడు ఒకరే ఉండారు.
రెండోవాళ్ళు ఎక్కడో మధ్యలో దిగిపోయినారు.

ఆయప్పకి అర్థం కాలేదు.
పక్కనే బంగినపల్లి కాయల లారీ ఆగుంటే
పైకెక్కి టార్పాలిన్ తాడు ఒకటి కిందికి వదిలినా.
ఒక్క జాడింపు.
మూపురం ఒకటి తాడెంబడి జరజరా దిగి
కొసన గాల్లో ఛెళ్ళుమని
మళ్ళా నా చేతికే ఎక్కొచ్చింది.

ఖాజా, కింద కొస పట్టుకో.
బిగబట్టొద్దురా, బిగిస్తే తలకిందులై తిరిగొస్తాది.
వచ్చేదాన్ని రానీ, దాంతో పాటు నీ చెయ్యి కూడా పోనీ.
మూడు నాలుగు సార్లు తప్పినాడు.
ఐదోసారి మూపురం వాడి చేతిలోకి పోయింది,
అంతే,
తాడు ఊరకుండింది.

బ్రేకు ఇంజనుతో ఒక మాట అంటాది సారూ.
కొసన తీసుకునేవాళ్ళు లేకపోతే
ఆ మాట వెనక్కి తిరిగి
వస్తా ఉండే మాట నెత్తినెక్కి కూర్చుంటాది.
ఒకటి సున్నా మాదిరి వినపడతాది. సున్నా ఒకటి మాదిరి.
ఎవరూ అబద్ధం చెప్పలేదు,
దీపాలు మాత్రం అన్నీ వెలుగుతాయి.

వెనక సీటు కింద దొరికింది.
కరకంబాడి దగ్గర రివర్సులో గోడకి గుద్ది
బాడీ కొత్తగా కట్టించినప్పుడు
ఎవరో ప్లగ్గు కోసేసి టేపు చుట్టినారు.
అది చాలదని జీపీఎస్ డబ్బాకి మూడు బారల వైరు లాగి
మిగిలింది చుట్ట చుట్టి సీటు కింద దూర్చినారు.
కొమ్మ అంత పొడుగైతే అదీ ఒక కొసే,
అక్కడా ఒక మాట పోయి, ఏమీ దొరక్క తిరిగొస్తాది.

కొమ్మని జానెడుకి కత్తిరించినా.
విడిపోయిన పసుపు తీగనీ పచ్చ తీగనీ
మా జేజి ఒత్తులు పేనినట్టు
తొడ మీద పెట్టి మళ్ళా పేనినా.
కొసన బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది,
గోధుమ, ఎరుపు, గోధుమ, బంగారు చారలది,
టంకం వేసి కూర్చోబెట్టినా.
మీటరులో అరవై.
దీపాలు ఒకదాని వెనక ఒకటి ఆరిపోయినాయి.

"రెండు రూపాయల ముక్కకి ఎనిమిది వందలా?"
దొరసామి అరుపుకి
టీ బంకు దగ్గరోళ్ళు కూడా తిరిగి చూసినారు.
ముందర చేసినోళ్ళ మీది కోపం,
నలభై వేల కోపం, అంతా వచ్చింది.
మా ఓనరు రెడ్డెప్పన్న ఎదురు చెప్పలేదు.
తల కూడా తిప్పుకోలేదు.
"ఊ" అన్నాడు. మళ్ళా "ఊ" అన్నాడు.
అరిచి అరిచి దొరసామే ఊరకైపోయి
ఏడు వందలు లెక్కబెట్టి ఇచ్చినాడు.

పాలిటెక్నిక్కులో మా మేడం చెప్పేది,
కొసకి వచ్చిన మాట మాయం కాదు,
వేడిగా మారిపోతాది, తెలియనంత వేడి.
బస్సు కదిలే ముందర
సీటు కిందికి వంగి వేలితో తాకి చూసినా.
ఏమీ తెలియలేదు.

లేచి చూస్తే,
ఫ్యాను కిందనే కూర్చోనుండే రెడ్డెప్పన్న చొక్కా
వీపంతా తడిసి ఉండాది.