ఠ వత్తులో చుక్క

బ్రాడీపేట నాలుగో లైన్లో
మెట్ల కింద ఆరడుగుల గది నాది.
పొద్దున్నే సిస్టమ్ ఆన్ చేయగానే
తెర మీద ఒక పేరు వెలుగుతుంది:
"ఈ ప్రతి కోటయ్య గారికి, తెనాలి, మాత్రమే."
కోటయ్య గారెవరో నాకు తెలీదు.
ఆయన పేరు మీద
ఇరవై రెండేళ్ళుగా అన్నం తింటున్నాను.

నలభై రూపాయల సీడీ అది.
అసలుది పద్నాలుగు వేలు,
అప్పటి నా జీతం పద్దెనిమిది వందలు.
లెక్క అక్కడితో తేలిపోయిందనుకున్నా.
ఎవరన్నా దొంగతనమంటే
"ఏం పోయిందయ్యా వాళ్ళకి,
అక్షరాలు వాళ్ళ దగ్గరే ఉన్నాయిగా" అనేవాణ్ణి.
మిర్చి యార్డు కమీషన్ కొట్ల బిల్లులు,
కారం పొట్లాల లేబుళ్ళు,
సంతాప సభలు, బోరుబావుల కరపత్రాలు,
మాఘమాసమొస్తే నిద్ర మానేసి శుభలేఖలు.

ఒక్కటే చికాకు.
జ్యేష్ఠ పుత్రుడు అని కొడితే
ఠ వత్తులో చుక్క పడేది కాదు.
బటర్ పేపర్ మీద ప్రింటు తీసి
సన్న పెన్నుతో నేనే పెట్టేవాణ్ణి.
జిల్లాలో పెద్దకొడుకులందరికీ
చుక్క పెట్టింది మస్తానే అని
నవ్వుకునేవాళ్ళం, ప్లేటు మేకరూ నేనూ.

నా అరిటాకు అంచు డిజైను
పక్క షాపువాడు ఎత్తుకుపోయినప్పుడు మాత్రం
లాడ్జి సెంటర్లో వాడి కాలర్ పట్టుకున్నాను.
నాలుగు రాత్రులు కూర్చుని గీశాన్రా అని అరిచాను.
ఆ మాట నోట్లోంచి వస్తుంటే
నాకేమీ గుర్తు రాలేదు.

మొన్న వానలో ఒకాయన
గొడుగు మెట్టుకి ఆనించి కాగితం ఇచ్చాడు:
పిల్లలకు చేతిరాత నేర్పబడును,
కొరిటెపాడు, సాయంత్రం ఐదు నుంచి,
కనిష్ఠ వయసు ఏడేళ్ళు.
కొట్టాను. ప్రింటు తీశాను. పెన్ను అందుకోబోయాను.
ఆయన కళ్ళద్దాలు నుదుటికి నెట్టి
చుక్కలేని చోట వేలు పెట్టాడు.
"ఇది నా తప్పే."

యేసురత్నం.
ఒకప్పుడు సైనుబోర్డులు రాసేవాడట.
బెజవాడలో ఎవరో కంపెనీ పెడుతూ
నీ రాతే కావాలని తీసుకెళ్ళారట.
రెండేళ్ళు. గుణింతాలు, వత్తులు,
గ్రాఫు కాగితం మీద ఒక్కోటీ.
"అవి బయటికొచ్చినయ్, ఫ్లెక్సీలొచ్చినయ్.
ఇంక బోర్డు రాయమనేవాడు లేడు.
నా అక్షరాలే నా కుంచెని తినేసినయ్.
చుక్క రెండో వెర్షన్లో పెట్టాలే.
దాన్ని కొన్నది పదకొండు మంది.
మీ దాకా రాలేదన్నమాట."

మూడోది రానేలేదట.
కంపెనీ గదిలో ఇప్పుడు బిర్యానీ పాయింటు,
దాని బోర్డూ ఆ అక్షరాల్లోనే.

వంద కాపీలు, నూట ఎనభై.
వద్దండీ అన్నాను, చేతులు వెనక్కి పెట్టుకుని.
"పని చేశావుగా" అన్నాడు.
రెండొందలు కీబోర్డు మీద పెట్టి
ఇరవై తిరిగి అడిగి తీసుకున్నాడు.
పెన్ను తీయబోతే ఆపాడు:
"చుక్కలు ఇంటికెళ్ళి నేను పెట్టుకుంటా. వందేగా."

మర్నాడు సిస్టమ్ ఆన్ చేశాను.
కోటయ్య గారు వచ్చారు.
పదో తారీకులోగా మూడు శుభలేఖలు ఇవ్వాలి.
ముగ్గురూ పెద్దకొడుకులే.